మేనరికం రాణిగారిది, కరువు మా ముత్తవ్వది

విక్టోరియా రాణిది మేనరికం. ఆల్బర్ట్ ఆమెకు సొంత మేనమామ కొడుకు. ఇద్దరూ 1819లోనే, మూడు నెలల తేడాతో పుట్టారు. ఇద్దరికీ పురుడు పోసిన మంత్రసాని కూడా ఒకరే. ఈ సంబంధం ఎలాగైనా కలపాలని ఏళ్ల తరబడి పట్టుబట్టినాయన ఆమె ఇంకో మేనమామ, బెల్జియం రాజు లియోపోల్డ్. లండన్‌లో కాపురం పెట్టిన కొత్తలో ఈ సంగతి చదివి, మైదుకూరు పక్కన మా పల్లెలో జరిగే పెళ్లికీ దీనికీ తేడా ఏముందా అనుకున్నాను. ఇక్కడి స్నేహితులు నా పెళ్లి పెద్దలు కుదిర్చిందని తెలియగానే "మరి ప్రేమ?" అని అడుగుతారు. మంచి మనసుతోనే అడుగుతారు. వాళ్లకు ముందు వాళ్ల రాణి కథే చెబుతాను.

పెద్దలు ఎంత కూర్చినా చివరికి నోరు తెరిచి అడిగింది విక్టోరియానే. సింహాసనం మీదున్న రాణిని ఎవరూ అడగకూడదు గనక 1839 అక్టోబరు 15న ఆల్బర్ట్‌ను పిలిపించి తనే అడిగింది. 1840 ఫిబ్రవరి 10న పెళ్లి. తొమ్మండుగురు పిల్లలు. 1861 డిసెంబరు 14న, నలభై రెండేళ్ల వయసులో ఆయన పోయాడు. 1901లో తాను పోయేదాకా ఆమె నల్లబట్టలు వదల్లేదు. కెన్సింగ్టన్ తోటలో ఆయనకు కట్టిన స్మారకంలో బంగారు పూత విగ్రహాన్ని 1876లో ప్రతిష్ఠించారు. అటుగా వెళ్లినప్పుడల్లా నా మనసు ఆ ఏడాది దగ్గరే ఆగిపోతుంది. మా సీమలో ధాత కరువు మొదలైంది ఆ ఏడే.

ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనక ధాత కరువు అన్నారు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో వాన ముఖం చాటేసింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటుతున్నప్పుడు మా వైపు జనం కరువు పనుల్లో కంకర కొడుతూ, మట్టి మోస్తూ ఉన్నారు. సర్కారు ఖర్చు తగ్గించడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ కూలీని రోజుకు ఒక పౌను గింజలకూ, పైన కొద్దిపాటి డబ్బుకూ దించేశాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. అది తిని ఎండలో రాళ్లు కొట్టాలి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు మనుషులు తగ్గిపోయారు.

ఆ తగ్గిన లెక్కలో చేరకుండా మిగిలిన ఇద్దరి కథ మా ఇంట్లో ఉంది. మా జేజికి జేజి, ఆమె మొగుడు.

ముత్తవ్వ పుట్టిల్లు ఉయ్యాలవాడ పక్కన నల్లరేగడి పల్లె. 1866లో ఇంకో కరువు వచ్చినప్పుడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు ఖాళీ చేసి వేల మందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆయన మీద కట్టిన పాటలు ఇప్పటికీ మా వైపు పాడతారు. వెంగళరెడ్డి గంజి తాగి బతికిన ప్రాణమని ముత్తవ్వ తన గురించి చెప్పుకునేదట. ఆ తర్వాత రెండు మూడేళ్లకే ఆమెకు మైదుకూరు వైపున్న మేనమామ కొడుకుతో పెళ్లి చేశారు. అప్పటికి ఆమెకు పదేళ్లు. ఇష్టమా అని ఆమెను అడిగినవాళ్లు లేరు. ఆ పిల్లవాణ్నీ ఎవరూ అడగలేదు. ఇది తప్పే. ఆ కాలం అంతేలే అని సర్దిచెప్పే ఉద్దేశం నాకు లేదు. బొమ్మలతో ఆడుకునే వయసులో తాళి కట్టించుకుని, ఆరు నెలలకో ఏడాదికో మొగుడు చచ్చిపోతే బతుకంతా ఓ మూల కూర్చున్న ఆడపిల్లలు ఆ పల్లెల్లోనే ఉన్నారు. మా ముత్తవ్వకు అలా జరగకపోవడం ఆ పద్ధతి గొప్పతనమేమీ కాదు.

కాపురానికి వచ్చాక కూడా పగటిపూట మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. పెద్దల ముందు మాట్లాడితే తప్పు. ఆయన అరుగు మీద, ఆమె వంటింట్లో. అంతలో ధాత కరువు వచ్చి పడింది. గాదె అడుగు కనబడగానే అత్త, "పిల్లను పుట్టింటికి తోలుదాం, ఒక నోరు తగ్గుతాది" అంది. అత్తంటే రాక్షసి కాదు, సొంత మేనమామ భార్యే. ఆకలి ఆమెతో ఆ మాట అనిపించింది. అప్పటిదాకా తల్లికి ఎదురు చెప్పి ఎరగని కొడుకు, "తోలితే ఇద్దర్నీ తోలు" అన్నాడట.

ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఇద్దరూ కలిసి కరువు పనికి వెళ్లారు. ఆయన కంకర కొట్టేవాడు, ఆమె గంప మోసేది. రాత్రికి ఇన్ని గింజలు ఉడకేస్తే ఎప్పటి మాదిరే మొగవాళ్లు ముందు తినాలి, మిగిలింది ఆడవాళ్లకు. మిగిలేది ఏముంది? ఒకరాత్రి ఆయన నీళ్లకని లోపలికి వెళ్లేసరికి ఆమె ఖాళీ సట్టిలో నీళ్లు పోసి, అడుగంటింది గరిటెతో గీకి తాగుతోంది. మర్నాటి నుంచి తన కంచం దగ్గరే ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఆయనొక ముద్ద, ఆమెకొక ముద్ద. అత్త చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఊరివాళ్లు "పెండ్లాం కొంగు పట్టుకున్నోడు" అని నవ్వారు. కరువు పోయింది, గాదెలో జొన్నలు పడ్డాయి, కంచం మాత్రం రెండు కాలేదు. "నేను చూసినా అమ్మీ, ఈ కండ్లతోనే," అనేది మా జేజి. "ఇద్దురూ ముసిలోళ్లయినా ఒక తట్టే. సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోస్తే, ఆ గుంత ఆయమ్మ పక్కకు తిప్పేవాడు."

వాళ్ల మధ్య ప్రేమ ఎప్పుడు పుట్టిందంటే నేను ఆ కరువు రాత్రినే చూపిస్తాను. పెళ్లినాడు పుట్టలేదు. పెళ్లి వాళ్లను ఒక ఇంట్లో పెట్టింది, అంతే. తల్లీ ఊరూ ఒకవైపు, పెళ్లాం ఒకవైపు అయిన రోజు ఆయన ఎటు నిలబడ్డాడో అక్కడ పుట్టింది.

రాతలో మిగిలిన కథ కావాలంటే గోదావరి దాకా పోవాలి. ఆల్బర్ట్ పోయిన 1861లోనే రాజమండ్రిలో పదమూడేళ్ల వీరేశలింగానికి బాపమ్మ అనే చిన్నపిల్లతో పెళ్లి చేశారు. మనకు తెలిసిన రాజ్యలక్ష్మమ్మ ఆమే. వితంతు వివాహాలకు 1856లోనే చట్టం వచ్చినా ఊళ్లు ఒప్పుకోలేదు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం తన ఇంట్లో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు బంధువులు ఆ గడప తొక్కడం మానేశారు. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు తెచ్చేవాళ్లూ రామన్నారు. రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్లి తనే బిందెలతో నీళ్లు మోసింది, తనే వండి వడ్డించింది. వదిలేసి రమ్మన్న అయినవాళ్ల మాట వినలేదు. పుట్టింటి దిక్కులేని వితంతు బాలికలను తన ఇంట్లో పెట్టుకుని సాకింది. ఆమెకు పిల్లల్లేరు. 1910లో ఆమె పోయేదాకా ఆ ఇల్లు అలాగే నడిచింది.

వీరేశలింగం గారికి బళ్లలో పాఠాలున్నాయి, ఊరూరా విగ్రహాలున్నాయి. ఆ డిసెంబరులో ఆమె బిందె చంకన పెట్టుకోకుండా పుట్టింటి దారి పట్టి ఉంటే పెళ్లివారికి ఆ పూట అన్నం పెట్టే దిక్కు కూడా ఉండేది కాదు. ఆమె పేరుకు దక్కిన చోటు చాలదని నేను గట్టిగా నమ్ముతాను. భర్త ఉద్యమాన్ని మోసిన ఇల్లాలు అని ఒక వాక్యంతో వదిలేస్తాం. ఆ బిందెల్లో ఉన్నది భక్తి ఒక్కటే అని నాకు అనిపించదు. కట్టబెట్టిన మనిషిని ఆమె తనంతట తాను రెండోసారి ఎంచుకుంది. మొదటిసారి ఎంచుకునే హక్కు ఎవరూ ఇవ్వలేదు. రెండోసారి హక్కును ఆమే తీసుకుంది.

పెద్దలు కుదిర్చితేనే కాపురాలు నిలుస్తాయి అని ఇక్కడి మన సభల్లో పెద్దవాళ్లు చెబుతుంటే నేను ఒప్పుకోను. ఒక రాణి, ఒక ముత్తవ్వ, ఒక రాజ్యలక్ష్మమ్మ ఆ మాటకు సాక్ష్యం కారు. వాళ్ల కాపురాల్లో ప్రేమ వాళ్లు పండించుకున్నది. కుదిర్చినవాళ్ల ఖాతాలో వేయడం న్యాయం కాదు.

మా చెల్లెలి కూతురికి ప్రొద్దుటూరు సంబంధం చూస్తున్నారు. జీతం, వీసా, సొంత ఇల్లు అన్నీ అడిగారు. పిల్ల నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మా, నేనేం అడగాలి?" అంది. మీ అమ్మ ఒక మాట, నేనొక మాట అన్న రోజు నువ్వేం చేస్తావని అడగమన్నాను. అడిగిందట. ఆ పిల్లవాడు వెంటనే జవాబు చెప్పలేదట. ఆలోచించుకుని వచ్చే ఆదివారం చెబుతానన్నాడట. ఆ తీరు నాకు నచ్చింది. ఆదివారం తప్పకుండా కలవమని చెప్పాను.