ఎవరమ్మాయివమ్మా అని అడిగే వైఫై

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర. అక్కడ ఏ అరుగు ముందు నుంచి నడిచినా ఒక ప్రశ్న తప్పదు. "ఎవరమ్మాయివమ్మా?" పేరు అడగరు. ఏం చదివావు, జీతమెంత, అవన్నీ తర్వాత. ముందు ఏ ఇంటి తాలూకు అన్నది తేలాలి. "మాస్టారి మనవరాల్ని" అన్నామా, ఇక అంతే. కుర్చీ వస్తుంది, మజ్జిగ వస్తుంది. ఆ మజ్జిగ నన్ను చూసి ఇచ్చింది కాదు. మా తాతయ్య పూచీ మీద వచ్చింది.

సరిగ్గా ఇదే పద్ధతిలో నడిచే వైఫై ఒకటుంది. పేరు ఎడ్యురోమ్. మీలో కొందరి ఫోన్లో ఇప్పటికే ఉండొచ్చు. చాలామందికి మాత్రం ఈ పేరు కూడా తెలీదు. తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ మధ్య ఉన్న తేడా తెలివితేటలది కాదు, చదివిన కాలేజీది. నేనీ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, పీహెచ్‌డీ కోసం నెదర్లాండ్స్ వచ్చాను. మొదటిరోజు సిమ్ లేదు, కొత్త ఐడీ ఇంకా చేతికి రాలేదు. క్యాంపస్‌లో అడుగుపెట్టానో లేదో ఫోన్ తనంతట తనే వైఫై ఎక్కేసింది. ఎవరూ పాస్‌వర్డ్ అడగలేదు, ఏ ఫారమూ నింపమనలేదు. "దిగావా? తిన్నావా?" అంటూ అమ్మ పెట్టిన తొమ్మిది మెసేజీలు ఒకేసారి టింగుటింగుమని పడ్డాయి. హైదరాబాద్‌లో లైబ్రరీలో కూర్చుని ఒకసారి పెట్టుకున్న సెట్టింగు, ఇన్ని వేల కిలోమీటర్ల అవతల పనిచేసింది.

ఎలా? చెప్తా, పెద్ద కష్టమేం కాదు.

మన కాలేజీ ఐడీలో @ గుర్తు తర్వాత వచ్చే భాగం ఉంటుంది చూడండి, అదే ఇంటిపేరు. నా ఫోన్ వైఫైని పలకరించగానే, ఇక్కడి యూనివర్సిటీ సర్వర్ ఆ ఇంటిపేరు చూసింది. "ఈమె మన పిల్ల కాదు" అనుకుని, ఆ అభ్యర్థనను నెదర్లాండ్స్ జాతీయ సర్వర్‌కి పంపింది. వాళ్లు యూరప్ పెద్ద సర్వర్‌కి. అక్కడి నుంచి ఆసియా పసిఫిక్ పెద్ద సర్వర్‌కి. అక్కడి నుంచి ఇండియాలో ఎర్నెట్‌కి. ఎర్నెట్ నుంచి మా హైదరాబాద్ యూనివర్సిటీకి. "ఈ అమ్మాయి మీ పిల్లేనా?" "మా పిల్లే, రానివ్వండి." ఆ జవాబు వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. ఇదంతా సాధారణంగా కొన్ని సెకన్ల పని.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. దారిలో ఇంతమంది చేతులు మారినా, నా పాస్‌వర్డ్ ఎవరికీ కనపడదు. అది సీలు వేసిన కవరులో వెళ్తుంది. కవరు మీద అడ్రసు మాత్రమే అందరూ చదువుతారు. విప్పేది మన ఇంటివాళ్లు ఒక్కరే. అయితే ఒక షరతు. ఆ కవరు తీసుకుంటున్నది మన సర్వరేనా అని ఫోన్ సర్టిఫికెట్ చూసి నిర్ధారించుకోవాలి. అందుకే పాస్‌వర్డ్ కొట్టేసి, వచ్చిన హెచ్చరికకు ఓకే నొక్కేయకుండా, గెట్‌ఎడ్యురోమ్ యాప్‌తో గానీ, కాలేజీ ఐటీవాళ్లు చెప్పినట్టు గానీ సెట్ చేసుకోవాలి. ఎడ్యురోమ్ అనే పేరుతో దొంగ వైఫై ఎవడైనా పెట్టొచ్చు కదా.

ఈ ఆలోచన 2002లో మొదలైంది. క్లాస్ విరెంగా అనే ఇంజినీరు అప్పట్లో నెదర్లాండ్స్ విద్యా నెట్‌వర్క్ సర్ఫ్‌నెట్‌లో పనిచేసేవారు. ఒక యూనివర్సిటీ మనిషి ఇంకో యూనివర్సిటీకి వెళ్తే ప్రతిసారీ గెస్ట్ అకౌంట్ కోసం తిరగాల్సిన అవసరం ఏముంది, సొంత ఐడీతోనే లోపలికి రానిద్దాం అని ప్రతిపాదించారు. యూరప్‌లో కొన్ని దేశాలతో మొదలైంది ఇవాళ 100కు పైగా దేశాలకు పాకింది. ఆతిథ్యమిచ్చే కాలేజీ మన దగ్గర ఒక్క రూపాయి తీసుకోదు. మీ పిల్లలు మా ఇంటికొస్తే మేం చూసుకుంటాం, మా పిల్లలు మీ ఇంటికొస్తే మీరు చూసుకోండి. ఒప్పందం అంతే.

ఈ ఒప్పందాన్ని నడిపేది ఎవరు? చాలా దేశాల్లో యూనివర్సిటీలకు, పరిశోధన సంస్థలకు ప్రత్యేకంగా ఒక జాతీయ నెట్‌వర్క్ ఉంటుంది. వీటిని ఎన్‌రెన్‌లు అంటారు. నెదర్లాండ్స్‌కి సర్ఫ్, ఆస్ట్రేలియాకి ఆర్‌నెట్, శ్రీలంకకి లెర్న్. మనకి రెండున్నాయి. ఎర్నెట్ 1986లో మొదలైంది. అప్పుడు అందులో ఉన్నవి ఎనిమిదే: ఐదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ, కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ. ఆ తర్వాత 2010లో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కి కేంద్రం ఆమోదం తెలిపింది.

మొదట్లో ఈ నెట్‌వర్కుల పని కేబుళ్లు వేయడం, స్పీడ్ పెంచడం. పోనుపోను అసలు విలువ కేబుల్లో లేదని, దాని మీద నడిచే సేవల్లో ఉందని వాళ్లకి తెలిసొచ్చింది. ఒక సేవని ప్రతి దేశం విడివిడిగా తయారుచేసుకునే బదులు, ఒకరు చేసింది నలుగురూ వాడుకుంటే? మన డ్వాక్రా సంఘాలు గుర్తు తెచ్చుకోండి. ఒక్కామె వెళ్తే బ్యాంకు గుమ్మం దగ్గరే ఆపేస్తారు. పదిమంది ఒకరికొకరు పూచీగా నిలబడి వెళ్తే అదే మేనేజరు కూర్చోమంటాడు.

దీన్ని నేను దగ్గర నుంచి చూసింది ఫైళ్ల విషయంలో. హైదరాబాద్‌లో మా పాత గైడ్ గారి దగ్గర నాకు కావాల్సిన ల్యాబ్ డేటా 40 జీబీ ఉంది. మెయిల్లో 25 ఎంబీ దాటితే పోదు. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇటు వచ్చేవాళ్లెవరితోనైనా ఆవకాయతో పాటు పంపిద్దామా అని కూడా అనుకున్నాం. అప్పుడు ల్యాబ్‌లో ఒకతను ఫైల్‌సెండర్ చూపించాడు. నేను లాగిన్ అయి సార్‌కి ఒక ఆహ్వానం లింకు పంపితే చాలు. ఆయనకి ఇక్కడ అకౌంట్ లేకపోయినా అప్‌లోడ్ చేసేయొచ్చు. రెండు రాత్రుల్లో పని అయిపోయింది. ఆవకాయ తర్వాత విడిగా వచ్చింది.

ఈ ఫైల్‌సెండర్ ఏ పెద్ద కంపెనీ సరుకూ కాదు. ఆస్ట్రేలియా, ఐర్లాండ్, నార్వే, నెదర్లాండ్స్ విద్యా నెట్‌వర్కులు తమ అవసరం కోసం కలిసి తయారుచేసుకున్నవి. కోడ్ అందరికీ తెరిచి పెట్టారు. ఏ దేశం కావాలంటే ఆ దేశం తన సర్వర్లో పెట్టుకుని తన పేరుతో నడుపుకోవచ్చు. ఎడ్యువీపీఎన్ కూడా ఇలాగే సర్ఫ్‌నెట్‌లో పుట్టి ఊరూరా తిరిగింది.

కలిసి కొనుక్కోవడం ఇంకో పద్ధతి. ఐస్‌లాండ్ మొత్తం జనాభా మన గుంటూరు నగరం జనాభా కన్నా తక్కువ. ఒంటరిగా బేరమాడితే పెద్ద కంపెనీలు పట్టించుకుంటాయా? అందుకే స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్‌తో కలిసి నార్డునెట్ అనే గొడుగు కింద ఉంది. వీడియో మీటింగుల్లాంటి సేవలు ఆ గొడుగు కిందే దొరుకుతాయి.

దీని విలువ 2020లో పొరుగున ఉన్న శ్రీలంకకి బాగా తెలిసింది. లాక్‌డౌన్‌లో యూనివర్సిటీలు మూతపడ్డాక, లెర్న్ నెట్‌వర్క్ ద్వారా ఆన్‌లైన్ క్లాసులు నడిచాయి. మొబైల్ కంపెనీలు సహకరించడంతో ఆ క్లాసులకి విద్యార్థుల డేటా ఖర్చు కాలేదు. అదే సమయంలో మన ఊళ్లలో పిల్లలు సిగ్నల్ కోసం డాబాలెక్కారు, రోజుకి ఒకటిన్నర జీబీని లెక్కపెట్టుకుని వాడారు. మనలో చాలామంది ఆ బ్యాచే కదా.

అలాగని అన్నీ బంగారమే అనను. ఉమ్మడి బావికి కూడా పూడిక తీసేవాళ్లు కావాలి. ఆస్ట్రేలియా ఆర్‌నెట్ క్లౌడ్‌స్టోర్ అనే స్టోరేజీ సేవని ఏళ్ల తరబడి నడిపి, 2023 చివర్లో మూసేసింది. అందులో డేటా పెట్టుకున్న పరిశోధకులు వేరే చోట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. ఉమ్మడి సేవ అంటే ఉచితంగా ఆకాశం నుంచి పడేది కాదు. ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి, మనుషుల్ని పెట్టాలి.

ఇక అసలు సంగతికి వస్తా. మా పిన్ని కొడుకు విజయవాడ దగ్గర ఒక ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్. ప్రాజెక్టు పని మీద ఉన్నాడు. ఒక రాత్రి వాట్సాప్ మెసేజ్. "అక్కా, ఈ పేపర్ ఒకటి చదవాలి. 35 డాలర్లు అడుగుతోంది. మీ దగ్గర ఓపెన్ అవుతుందా?" ఓపెన్ అయింది. నా స్క్రీన్ మీద ఒక్క క్లిక్కు. వాడికి దాదాపు నెల మెస్ బిల్లు.

వాడు నాకన్నా తెలివైనవాడు. అబద్ధం కాదు, నాకు కోడింగ్ నేర్పిందే వాడు. ఇద్దరికీ తేడా ఎక్కడంటే, "ఎవరబ్బాయివి" అని అడిగితే నా తరఫున చెప్పడానికి ఒక ఇల్లుంది. వాడి కాలేజీ ఆ వరసలోనే లేదు.

వెబ్‌సైట్లలో కూడా ఇదే పూచీ పద్ధతి నడుస్తోంది. ఒక జర్నల్ సైటుకి వెళ్తే "మీ సంస్థ ద్వారా లాగిన్ అవ్వండి" అని ఉంటుంది. అక్కడ నొక్కితే మన యూనివర్సిటీ పేజీకి తీసుకెళ్తుంది. మనవాళ్లు అవునంటే అక్కడ తలుపు తెరుచుకుంటుంది. మన దేశంలో దీన్ని నడిపేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్. ఆ వ్యవస్థ పేరు ఇన్‌ఫెడ్. దేశదేశాల ఇలాంటి వ్యవస్థల్ని కలిపే వంతెన ఎడ్యుగెయిన్, 2011 నుంచి ఉంది. ఇన్‌ఫెడ్ కూడా అందులో సభ్యురాలే.

2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నల్స్. 6,300కు పైగా సంస్థలు, దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. నిజంగా పెద్ద అడుగే. ఒక్కో యూనివర్సిటీ విడిగా కొనే బదులు దేశం మొత్తం కలిసి బేరమాడింది. కానీ ఆమోదం వచ్చింది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకి, కేంద్ర పరిశోధన సంస్థలకి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది ఉన్నది ప్రైవేట్ కాలేజీల్లో. మా తమ్ముడు ఆ లెక్కలోకి రాడు. బహుశా మీరు కూడా.

ఇది చదివి ఉసూరుమనొద్దు. చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఇంటిపేరు అడగని తలుపులు కొన్ని ముందు తట్టండి. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఎవరైనా చదవొచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో రిజిస్టర్ అవడం తేలిక. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్‌వాళ్లకి ఆర్కైవ్ ఉండనే ఉంది. తమ్ముడు అడిగిన పేపర్‌ని రచయితలే అక్కడ ఉచితంగా పెట్టారు. 35 డాలర్ల పేజీ ఆ మాట వాడికి చెప్పలేదంతే.

తర్వాత మీ కాలేజీలో మూడు ప్రశ్నలు అడగండి. మనకి ఎడ్యురోమ్ ఉందా? ఇన్‌ఫెడ్‌లో ఉన్నామా? లేకపోతే చేరడానికి ఏం కావాలి? ఎడ్యురోమ్ ప్రభుత్వ కాలేజీల కోసం మాత్రమే పెట్టిన పథకం కాదు. కాలేజీ తన విద్యార్థుల ఐడీలు చూసే సర్వర్ ఒకటి సరిగ్గా నడపాలి, ఎర్నెట్‌తో ఒప్పందం చేసుకోవాలి. అన్నిటికన్నా ముందు, మన పిల్లల తరఫున పూచీ పడతాం అని యాజమాన్యం అనుకోవాలి. బస్సుల మీద ప్లేస్‌మెంట్ ప్యాకేజీలు రాసుకునే కాలేజీలకి ఇది పెద్ద ఖర్చని నేననుకోను.

చాలాచోట్ల ఇంకో తమాషా కూడా ఉంటుంది. సేవ ఉంటుంది, విద్యార్థులకి చెప్పేవాళ్లు ఉండరు. హైదరాబాద్‌లో మా లైబ్రేరియన్ మేడమ్ పట్టుబట్టి కూర్చోబెట్టి సెట్ చేయించబట్టి సరిపోయింది. ఆవిడ ఆ రోజు సెలవు పెట్టి ఉంటే నా ఫోన్ కూడా ఇక్కడ ఖాళీగానే ఉండేది.

మా తమ్ముడు, వాడి బ్యాచ్ 23 మంది కలిసి ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ ఇచ్చారు. లైబ్రరీలో సార్ "ఇలాంటివి కూడా ఉంటాయా?" అని అడిగి, వివరాలు రాసుకున్నారట. ఇంకా ఏమీ తేలలేదు. తేలేసరికి వీళ్ల డిగ్రీ అయిపోవచ్చు. "మాకు రాకపోయినా జూనియర్లకి వస్తుంది కదక్కా" అన్నాడు వాడు.

మీ కాలేజీలో ఆ అర్జీ ఎవరు రాస్తారో చూడండి. ఎవరూ లేకపోతే మీరే రాయండి. పైన ఉన్న మూడు ప్రశ్నలూ అలాగే దించేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.