వాన లేని రోజు పారే నీళ్లు

నేను మాదిగోణ్ణి. లంద పక్కన పుట్టినోణ్ణి. సున్నపు నీళ్లలో నానే తోలు వాసన, తంగేడు చెక్క ఊరిన నీళ్ల వాసన నాకు మాటలు రాకముందే తెలుసు. "వీడి దగ్గర కంపు" అని బళ్లో నన్ను వెనక కూచోబెట్టారు. అమ్మను కన్న తాత మాత్రం లంద మీదికి వంగి ఒక్కసారి గాలి పీల్చి, తోలు ఇంకెన్నాళ్లు నానాలో చెప్పేవాడు. ఊరు కంపన్నది మాకు విద్య. ఆ ముక్కే అమ్మకొచ్చింది.

కారంచేడు జరిగిన మరుసటేడు, 1986లో, అమ్మ పల్లె వదిలి డెల్టాలోని ఒక పట్నంలో మున్సిపాలిటీ పనికి కుదిరింది. పారా గంపా పట్టుకుని సైడు కాలవల్లో సిల్టు తీసే పని. కాళ్లకి బూట్లు లేవు, చేతులకి తొడుగుల్లేవు. మధ్యాన్నం అన్నం పట్టుకెళ్తే, తూము దగ్గర నిలబడి నాతో అనేది: "ఒరే అబ్బాయ్, వానబడి వారమైంది. ఇన్ని నీళ్లెక్కడియ్యిరా?"

చదువుకున్నోళ్లలో కూడా చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లెట్రిన్ నీళ్లు పోయే డ్రైనేజీ వేరు, వాన కాలవ వేరు. డ్రైనేజీ నీళ్లు శుద్ధి చేసే ప్లాంటుకి పోవాలి. వాన కాలవకి ప్లాంటు లేదు. అందులో ఏది పోస్తే అది ఉన్నదున్నట్టు పోయి పంట కాలవలో కలుస్తుంది. ఆ పంట కాలవ నీళ్లే దిగువన పల్లెల మంచినీళ్ల చెరువుల్లోకి ఎక్కుతాయి. మా పల్లె దిగువనే ఉంది. "ఇక్కడ పోసింది అక్కడ మనోళ్లు తాగాల" అనేది అమ్మ. రెండుసార్లు శానిటరీ ఇన్‌స్పెక్టరుకి చెప్పింది. "నీ పని సిల్టు తియ్యడం. నీళ్ల సంగతి నీకెందుకే?" అన్నాడు. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. అమ్మదాకా మాత్రం రాలేదు.

ఇరవై రెండేళ్లు చేసి కాళ్లు పుళ్లు పడి ఆగిపోయింది. ఆ ఉద్యోగం నాకొచ్చింది. పది ప్యాసయ్యాను కాబట్టి మేస్త్రినయ్యాను.

కిందటేడు మా మస్టరు వాళ్లందరికీ ట్రయినింగు పెట్టారు. వాన కాలవల్లో చెడు నీళ్లు కలిస్తే ఎట్లా గుర్తుపట్టాలి, ఎవరికి ఎట్లా తెలపాలి అనేది విషయం. ఒక ఇంజనీరమ్మ వచ్చి బొమ్మలు చూపించింది. వానాగి మూడు రోజులైనా కాలవ పారుతుంటే అనుమానించమంది. నీళ్ల మీద నూనె తెట్టె రంగులు తేలితే మెకానిక్ షెడ్డు. పాలలాగ తెల్లబడితే సిమెంటో, సున్నమో, పెయింటో కడిగిన నీళ్లు. సబ్బు నురగ వస్తే బట్టలుతికిన నీళ్లు. ఎగువకి నడుస్తూ ఒక్కో మూతా తీసి చూడమంది. ఏ మూత దగ్గర రంగు కనపడదో, ఆ మూతకీ దాని దిగువ మూతకీ మధ్యనే దొంగ పైపు కలిసినట్టు.

మధ్యాన్నం కాలవ దగ్గరికి తీసుకెళ్లారు. మా ఇన్‌స్పెక్టరు గట్టు మీద నిలబడి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ముక్కు మూసుకుంటే ఎట్టా తెలుసుద్ది సారూ?" అంది మా మస్టరులో పెద్దావిడ. అందరం అత్తా అంటాం ఆమెని. నీళ్లకేసి చూసి మళ్లీ అంది: "ఇయ్యి ఇళ్లలోంచి వచ్చే నీళ్లు కాదమ్మా. ఇంట్లోయి రోజంతా సన్నంగా వస్తాయి. ఇయ్యి తెల్లారుజామున ఒక్కపెట్టున వస్తాయి, పొద్దెక్కేసరికి ఆగిపోతాయి. సెప్టిక్ ట్యాంకు లారీ తెచ్చి పోస్తంది. గట్టు మీద టైరు జాడ చూడు."

ఇంజనీరమ్మ కాయితం తీసి అది రాసుకుంది. మా మాట ఆఫీసు కాయితం మీదికెక్కడం నేను చూడ్డం అదే మొదలు.

తర్వాత ఆమె గ్యాసు సంగతి చెప్పింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే గ్యాసు మరీ ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుందట, వాసనే తెలియదట. వాసన ఆగిందని మూతలోకి దిగితే చావే. ఎవరూ మాట్లాడలేదు. మా వాడలో ఒకడు అట్లాగే దిగి తిరిగి రాలేదు. "వాసనేం లేదు అన్నా" అన్నది వాడి ఆఖరి మాట. రక్షణ సామాను లేకుండా మనిషిని మురుగు గుంటలోకి దింపకూడదని 2013 చట్టం చెప్పింది. చచ్చినవాళ్ల కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో, 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మా ముక్కుని నమ్ముకుని బతికాం. ఆ ముక్కు కూడా మోసం చేసే చోటికి మమ్మల్ని దింపారు.

చివర్లో ఫారాలు పంచారు. చోటు, తేదీ, టైము, రంగు, వాసన, ఎటునుంచి వస్తున్నదీ. ఆఖరున "తెలిపినవారి పేరు". అక్కడికొచ్చేసరికి అందరి పెన్నులూ ఆగిపోయాయి.

ఎందుకాగాయో మీకు తెలియాలి. మాలో సగంమంది ఔట్‌సోర్సింగు. రేపు మస్టరులో పేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అంతకన్నా పాత భయం ఇంకోటుంది. కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లని మురికి చెయ్యొద్దన్నందుకే గొడవ మొదలైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. నీళ్లు చెడగొడుతున్నారని చెప్పడం మాకు ఉద్యోగపు పని కాదు. ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

వారం తిరక్కుండానే తెల్లారుజామున లారీ దొరికింది. అత్త చూసింది, నేను ఫోటో తీశాను. ఫారం నింపి నా పేరు రాశాను. లారీ ఎవరిదో వార్డంతా తెలుసు.

"ట్రయినింగు ఇచ్చింది గుర్తుపట్టడానికిరా, గొడవ పెట్టుకోడానికి కాదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నన్నేం చెయ్యలేకపోయాడు, పర్మినెంటు గనక. అత్త పేరు మస్టరులోంచి తీసేశారు. నాలుగు రోజులు మా వాళ్లందరం పారలు కింద పెట్టి ఆఫీసు గేటు ముందు కూచున్నాం. ఐదో రోజు అత్త పేరు మళ్లీ ఎక్కింది. పోయిన నాలుగు రోజుల కూలి మాత్రం రాలేదు. లారీ ఆ తూము దగ్గరికి రావడం మానేసింది. ఇంకో వార్డులో పోస్తోందని అక్కడి వాళ్లు చెబుతున్నారు. వాళ్లకీ ఫారాలిచ్చాం. ఒక్కరి పేరు కాకుండా పదిమందీ సంతకాలు పెట్టమని చెప్పాం.

మీలో చాలామంది మా వాడలకి చైతన్యం తేవడానికి వస్తుంటారు. రండి. కాలవ నీళ్ల సంగతి మాకు నేర్పక్కర్లేదు. మేం పేరు రాసిన రోజున మా పక్కన పేరు రాయండి. గేటు ముందు కూచున్న రోజున వచ్చి కూచోండి.

ఆ రాత్రి అమ్మకి అంతా చెప్పాను. కళ్లు సరిగా కనపడవు. విని కాసేపాగి అడిగింది: "రశీదు ఇచ్చారా?"

జేబులోంచి తీసి చేతిలో పెట్టాను. ఆఫీసు ముద్ర పడిన చోటుని వేలితో తడిమి చూసుకుంది.