కెమెరాతో కొలను గట్టున

కార్యాలయంలో పని గడియారాన్ని అనుసరిస్తుంది. ఆరుబయట ఛాయాగ్రహణం మాత్రం సూర్యుణ్ణీ, గాలినీ, పక్షుల ఇష్టాన్నీ అనుసరిస్తుంది. సెలవు రోజులలో కెమెరాలు భుజాన వేసుకుని తిరిగే మా ఉద్యోగ మిత్ర బృందానికి ఈ పాఠం నేర్పినవి సూళ్లూరుపేట ప్రాంతపు నీటి పక్షులు.

చిలికా తరువాత మన దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రహదారి ఈ సరస్సు మీదుగానే సాగుతుంది. శీతకాలంలో ఆ దారికి ఇరువైపులా, లోతు తక్కువ నీటిలో, ఫ్లెమింగోలు బారులు తీరి మేస్తుంటాయి. కంటికి ఎంతో దగ్గరగా తోచిన పక్షి చిత్రంలో చిన్న చుక్కగా మిగులుతుంది. పెద్ద లెన్సు బిగిస్తే మరొక చిక్కు. ఎండ ముదిరిన కొద్దీ నీటిపై గాలి వేడెక్కి అలలవలె కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఆ గాలి తెరను ఛేదించలేదు. కనుక సూర్యోదయానంతరం రెండు గంటలే మాకు అసలైన పనివేళలు. పైగా తెల్లని పక్షులు చిత్రమంతా నిండినప్పుడు కెమెరా భ్రమపడి, తెలుపును బూడిద రంగుగా చూపుతుంది. వెలుతురును కొంత అదనంగా ఇస్తేనే రెక్కల తెలుపు, వాటి అంచున గులాబి రంగు నిలుస్తాయి.

ఫిల్ము రోజులలో ఒక రీలుకు 36 చిత్రాలే. మీట నొక్కే ముందు జేబు గుర్తుకు వచ్చేది. నేడు డిజిటల్ కెమెరాలు వేల చిత్రాలు తీస్తున్నా నిరీక్షణ మాత్రం తగ్గలేదు. మద్రాసు వాసి, సుప్రసిద్ధ ప్రకృతి రచయిత ఎం. కృష్ణన్ (1912–1996) నలుపు తెలుపు చిత్రాలతోనే మన అడవి ఏనుగుల జీవితాన్ని లోకానికి చూపారు. పరికరం కన్నా ఓర్పు, పరిశీలన ముఖ్యమని చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

పులికాట్‌కు చేరువలోనే నేలపట్టు పక్షి రక్షిత కేంద్రం ఉన్నది. నీట మునిగిన చెట్ల కొమ్మలపై గూడబాతులు, అనగా పెలికాన్లు, గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఒక జనవరిలో కుటుంబాలతో సహా అక్కడకు వెళ్లాము. మా వార్షిక ప్రదర్శనకు తల్లి పిల్లకు మేత పెట్టే చిత్రం ఒక్కటే కొరతగా ఉన్నది. గూడు కనబడుతున్నది గాని ఆకుల గుబురు అడ్డు. పక్కనున్న యాత్రికుడొకరు, "గట్టిగా చప్పట్లు కొట్టండి సార్, అన్నీ ఒక్కసారి లేస్తాయి. మంచి ఫోటో వస్తుంది" అని సలహా ఇచ్చారు. మేము చేతులు జోడించి వారించాము. తల్లి లేచిపోతే ఈకలు రాని పిల్లకు ఎండ తగులుతుంది. కాకులూ గద్దలూ అదను కోసమే చూస్తుంటాయి. ఒక చిత్రం కోసం ఒక ప్రాణాన్ని పణంగా పెట్టడం మాకు సమ్మతం కాలేదు.

రెండు గంటలు వేచి ఉన్నాము. తల్లి పక్షి వచ్చి మా వైపు వీపు పెట్టి వాలింది. మాకు చిత్రం దక్కలేదు. కాని పక్కగా నిలబడి బైనాక్యులర్సులో చూస్తున్న మా మిత్రుని కుమార్తె, "అమ్మా! పిల్ల తల వాళ్లమ్మ గొంతు సంచిలోకి పోయింది!" అని సంభ్రమంతో గుసగుసలాడింది. పిల్లలందరూ వంతులవారీగా ఆ దృశ్యం చూశారు. ఆ ఏడు ప్రదర్శనలో ఆ చిత్రపు చోటు ఖాళీగానే ఉన్నది. అందుకు మాలో ఎవరూ చింతించలేదు.

పాఠక మిత్రులు కూడా ఒక శీతకాలపు ఉదయం సకుటుంబంగా అటు వెళ్లి రాగలరు. మట్టిరంగు దుస్తులు ధరించండి, మెల్లగా మాట్లాడండి, గూళ్లకు దూరంగా ఉండండి. ఉప్పుగాలి తగిలిన లెన్సును ఇంటికి రాగానే మెత్తని గుడ్డతో తుడవడం మరువకండి. కెమెరా లేనివారు బైనాక్యులర్సు తీసుకువెళ్లినా చాలు.