ముప్పది దినముల నవల, మయసభలోని యిల్లు

ఈ సంగతి వ్రాయుటకు మేము కొంత వెనుదీసితిమి. ఒక యిల్లాలు రాత్రి పదిగంటలకు వంటయిల్లు కడిగి, తలుపు గడియవేసి, పిమ్మట లేని యూరిలో లేని యిల్లు కట్టుచు గూర్చున్నదని విన్నవారు నవ్వుదురు. అది చాలక నవలకూడ వ్రాయబూనినదన్నచో నవ్వుట మాని జాలిపడుదురు. అయినను గత సంవత్సరము, అనగా 2025 నవంబరు మాసమున మాకు జరిగినది సోదరీమణులలో నొకరిద్దరికైనను పనికివచ్చునేమోయని చెప్పుచున్నాము.

మా కాపురము మదీనాగూడలో. మావారు బడిపంతులు. పాత బొంబాయి రహదారిమీద రేయనక పగలనక లారీలును, బస్సులును, కంప్యూటరు కంపెనీల కారులును పోవుచునేయుండును. మా యెదుటి యపార్టుమెంటులో అర్ధరాత్రి దాటినను దీపము లార్పరు. అచటి పిల్లలు అమెరికావారి పగటికి లోబడి పనిచేయువారు. ఆ దీపములు చూచి చూచి మాకును రాత్రి మేల్కొనుట తప్పుగా తోచుట మానినది.

మూడేండ్ల క్రిందట మా తమ్ముడు డాలసునుండి వచ్చినపుడు తన పాత లాప్‌టాపు మాకిచ్చి, దానిలో సెకండ్ లైఫ్ అను నొక లోకమును చూపెను. అది 2003వ సంవత్సరమున లిండెన్ ల్యాబ్ అను అమెరికా కంపెనీవారు తెరచిన మాయాలోకము. అందు ప్రవేశించువారు తమకొక బొమ్మశరీరము నేర్పరచుకొందురు. ఆ బొమ్మ నడచును, కూర్చుండును, ఆకాశమున నెగురును. ఆకలి దప్పులు లేవు. అచట దినమనగా నాలుగు గంటలు మాత్రమే. మూడు గంటలు పగలు, ఒక గంట రాత్రి. లిండెనులను నాణెములుకూడ కలవు. ఆటయా యన్నచో గెలుపోటములు లేవు. మాకు దానిని చూడగనే సభాపర్వము జ్ఞప్తికి వచ్చినది. మయుడు పదునాలుగు నెలలు శ్రమించి కట్టిన సభలో దుర్యోధనుడు నేలను నీరనుకొని బట్ట లెత్తుకొనెను, నీటిని నేలయనుకొని పడెను. అందుచే మా యింటిలో దానికి మయసభయనియే పేరు. ఇప్పుడు లోకులు మెటావర్సు అనుచున్నారు. ఆ మాట 1992లో నీల్ స్టీఫెన్సన్ వ్రాసిన యొక యాంగ్ల నవలనుండి వచ్చినదట. మాకు మా పేరే చాలును.

అచట మేమొక నేలను అద్దెకు తీసికొంటిమి. 1024 చదరపు మీటర్లు; వారమునకు మూడువందల లిండెనులు, అనగా సుమారు నూరు రూపాయలు. ఇరుగుపొరుగు పిల్లలకు తెలుగు చదువుట నేర్పినందులకు వచ్చు సొమ్ములోనుండి యిచ్చుచున్నాము గాన ఇంటిఖర్చుపై బడలేదు. ఆ నేలపై తెనాలి చేరువ గ్రామములోని మా తాతగారి మండువాయింటిని కట్ట నారంభించితిమి. ఆ యిల్లు 2011లో అమ్ముడుపోయినది, కొన్నవారు పడగొట్టించిరి. వీధియరుగు, సావిడి, మండువా, వెనుక వంటయిల్లు, పెరటిలో గాదె, నుయ్యి. పెంకులొక్కొక్కటియే పేర్చవలెనని మా కోరిక. అయితే అంత నేలలో 351 దిమ్మెలకు మించి నిలుపరాదని అచటి శాసనము. స్తంభమొక దిమ్మె, గడప యొక దిమ్మె. కావున కప్పునకు పెంకుల చిత్తరువు నంటించి తృప్తిపడితిమి.

ఇక పందెపు సంగతి. 1999లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున క్రిస్ బేటీ యనునతడు ఇరువదిమంది స్నేహితులతో గూడి, నెలదినములలో నవల వ్రాయుదమని వినోదార్థము మొదలిడెను. మరుసటి యేటినుండి అది నవంబరు మాసమునకు మారినది. ఏబదివేల మాటలు, దినమునకు 1667. వెనుకకు తిరిగి దిద్దకుండ ముందునకు సాగిపోవుటయే దాని ముఖ్యసూత్రము. లక్షలమంది అందు పాల్గొనిరి. ఆ సంస్థ 2025 మార్చిలో మూతపడుచున్నట్లు ప్రకటించినది. సంస్థ మూతపడినను నవంబరు రాక మానదు గదా! మా వరుసలోనే యున్న యొక బ్యాంకు ఉద్యోగిని, సాఫ్టువేరు పని చేయు మరియొక తల్లి, మేము ముగ్గురము వాట్సాపులో నొక గుంపుగా నేర్పడి, ప్రతిరాత్రియు ఎవరి లెక్క వారు తెలుపవలెనని యొప్పందము చేసికొంటిమి.

పందెమునకై నవల వ్రాయుట మన భాషకు క్రొత్తగాదు. చిలకమర్తివారి రామచంద్రవిజయము చింతామణి పత్రిక పెట్టిన పోటీకి వ్రాయబడి బహుమతి నందినది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి పోటీకై విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలు చెప్పుచుండగా వారి తమ్ముడు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరి. అంతటి గ్రంథము ఇరువదితొమ్మిది దినములలో ముగిసినది! బహుమతిని బాపిరాజుగారి నారాయణరావుతో పంచియిచ్చిరి. ఈ సంగతి విన్నప్పుడెల్ల అందరును చెప్పినవారి ధారను మెచ్చుకొందురు. మాకు మాత్రము వ్రాసిన తమ్మునిగారి వ్రేళ్లును, ఆ యిరువదితొమ్మిది దినములును వేళకు వారికి అన్నము వండిపెట్టినవారెవరో వారును మనసునకు వత్తురు.

నవంబరును ఏర్పరచినవారికి కార్తికమాసమనగా నేమో తెలియదు. సోమవారముల యుపవాసములు, నవంబరు 5న పున్నమి, మూడువందల యరువదియైదు వత్తులు, మంజీరానీరు వచ్చు వేళకు డ్రమ్ములు నింపుకొనుట, మావారి బడిలో బాలల దినోత్సవము. ఇది చాలదన్నట్లు మయసభ గడియారము కాలిఫోర్నియా వేళను బట్టి నడచును. ఇండ్లు కట్టువారి కూటము అచట గురువారము సాయంత్రము ఏడుగంటలకు. మనకది శుక్రవారము ఉదయము ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారమున అమెరికావారు తమ గడియారములను గంట వెనుకకు త్రిప్పిరి. దానితో కూటము మనకు ఎనిమిదిన్నరకు జరిగినది. అది మావారు బడికి బయలుదేరు వేళ. ఏడవ తేదిని ఒక కన్ను తెరపై నుంచి పప్పు పొయ్యిమీద నుంచితిమి. పప్పు మాడినది. మావారు పెరుగన్నము, ఊరగాయ పట్టుకొని పోయిరి. పల్లెత్తు మాట యనలేదు. అనినయెడల మాకు కొంత సుఖముగా నుండెడిది.

మరియొక చిక్కు. ఈ యేబదివేల లెక్క ఇంగ్లీషు మాటలకు తగినది. “వెళ్లలేకపోయినాడు” అని మనము ఒక్కమాటలో జెప్పుదానికి వారికి నాలుగు మాటలు కావలెను. కంప్యూటరు మాటల నడిమి ఖాళీలను బట్టి లెక్కించును గాని యర్థమును బట్టి కాదు. దానికి తోడు మా చేతికి సంధులు అలవాటు. చిన్ననాట తాతగారు అరుగుమీద గూర్చుండబెట్టి నేర్పినది అంత సులభముగా వదలదు. ఒకనాటి రాత్రి సంఖ్య చాలక, సంధులన్నియు విడగొట్టి మూడువందల మాటలు సంపాదించితిమి. మావారు చూచి, “పరీక్షలో పిల్లలు పెద్ద అక్షరాలు వ్రాసి పేజీలు నింపుతారే, అట్లా ఉందోయ్” అనిరి. సిగ్గుపడి మరల నన్నియు కలిపితిమి.

యోగవాసిష్ఠములో లవణమహారాజు కథ కలదు. ఇంద్రజాలికుడు నెమలిపురి త్రిప్పగనే రాజు ఎచటికో పోయి, ఏండ్లకేండ్లు కష్టములనుభవించి, కన్నుతెరచి చూచుసరికి సభలో గడచినది కొంచెము సేపే. మా మాయ దానికి తలక్రిందులు. లోపల గడచినది ఒక కిటికీ బిగించినంత సేపు. కన్నెత్తి చూచినచో గోడ గడియారములో ఒంటిగంట. నవలకై కేటాయించిన రెండుగంటలును ఆ కిటికీ మ్రింగివైచెడిది. పదునెనిమిదవ తేదికి ముప్పదివేలు కావలసియుండగా మాకున్నవి 21,300.

నవల మా అమ్మనుగూర్చినది. మా తాతగారు తమ కుమార్తెలను చదివింపలేదు. కాలముమారి మనుమరాలనైన మాకు మాత్రము భారతభాగవతములు, మనుచరిత్రము చెప్పిరి. అయినను మా అమ్మకు ఆ పద్యములన్నియు వచ్చును. మేము తడబడినచో వంటపనిలోనుండియే అందించెడిది. ఆమె పోయి నాలుగేండ్లయినది. వంటయింట పొయ్యియొద్ద గూర్చుండి, గరిటె త్రిప్పుచు, అరుగుమీదనుండి వచ్చు పద్యములను విని నేర్చుకొన్నదని మేము చిరకాలముగా నమ్మియుంటిమి. నవల మొదటి రెండు ప్రకరణములును ఆ వంటయింటిమీదనే నిలిచినవి.

ఆ పదునెనిమిదవ తేది రాత్రి మారిషసులో నుండు నొక తెలుగు కుటుంబపు స్త్రీ మా మయసభ యిల్లు చూచుటకు వచ్చినది. ఆమె పూర్వులు కూలిపనికై ఓడనెక్కిపోయినవారు. మండువాయిల్లు ఎట్లుండునో చూడవలెనని ఆమె ముచ్చట. ఆమెను అరుగుమీద గూర్చుండబెట్టి, మేము వంటయింటికి పోయి, “ఏదైనను పలుకుడు” అని ముందే చెప్పియుంటిమి. ఎంతసేపునకును పలుకు రాలేదు. తిరిగివచ్చి యడుగగా తాను ఆరుసార్లు పలికితిననినది. ఆ లోకమున వ్రాసిన పలుకు ఇరువది మీటర్లకు మించి పోదు. అరుగునకు వంటయింటికి నడుమ సావిడి, మండువా, వెనుక వసారా. మొత్తము ఇరువదిరెండు మీటర్లు.

ఇది బొమ్మలోకపు నియమము, తాతగారి కంఠమునకు మీటర్ల లెక్క యేమి, అని సరిపెట్టుకొనబోయితిమి. అయినను నిదురపట్టలేదు. రెండు గోడలు, పొయ్యి చిటపట, మండువాలో పిల్లల గోల. అంత దూరమునుండి పద్యము యతిప్రాసలతో వినబడునా? తెల్లవారగనే తెనాలిలోనున్న పెద్దమ్మకు ఫోను చేసితిమి. ఆమెకు ఎనుబది దాటినవి. చెవి మందగించినది గాని జ్ఞాపకము మందగింపలేదు.

“వంటింట్లోకి ఏం వినబడుతుందే పిచ్చిదానా!” అనినది పెద్దమ్మ. “మీ అమ్మ సావిట్లో తలుపు చాటున నుంచునేది. చేతిలో చేట పుచ్చుకుని. ఎవరన్నా చూస్తే బియ్యం ఏరుతున్నా ననేది. మా చిన్నప్పుడూ అంతే, నాన్న మగపిల్లలకి చెబుతుంటే. ఏరిన బియ్యమే మళ్లీ మళ్లీ ఏరేది. మా అమ్మకి తెలుసు. ఏమనేది కాదు.”

అమ్మ చెవిని బడినదానిని నేర్చుకొనలేదు. పని విడిచి, మండువా దాటి, వచ్చి నిలుచున్నది. మాకు నేర్పునప్పుడును, ముప్పదియేండ్లు దాటిన ఇల్లాలై, అదే తలుపు చాటున, అదే చేటతో. మాకు ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయము. వీపు సావిడి తలుపువైపు నుండెడిది. ఒక్కమారైనను వెనుదిరిగి చూడలేదు.

ఆ దినమే మొదటి రెండు ప్రకరణములును తీసివైచితిమి. 6,200 మాటలు పోయినవి. పందెమున వెనుకకు తిరిగి చూడరాదు, చూచినవారు ఓడినట్లే. వాట్సాపులో ఆ రాత్రి 15,100 అని వ్రాయగా సాఫ్టువేరు సోదరి ఒకటి అంకె తప్పు పడినదేమో యని యడిగినది.

ఇరువదియొకటవ తేది పోలిపాడ్యమి. తెల్లవారుజామున బాల్కనీలో నీళ్లతొట్టిలో అరటిదొప్పల దీపములు వదలి, మా అమ్మాయికి పోలి కథ చెప్పితిమి. కవ్వమునకంటిన వెన్నతో దీపము వెలిగించి, అత్త చూచునని బుట్ట బోర్లించిన చిన్నకోడలి కథ. అమ్మాయి, “బుట్ట కింద దీపం ఆరిపోదా?” అనినది. సమాధానము చెప్పక లేచిపోయి లాప్‌టాపు తెరచితిమి. ఆనాడు వ్రాసిన మాటలు 2,400. ఈ నవలలో నిలుచునవి యేవైన నున్నచో అవియే.

నెల ముగియునప్పటికి మా లెక్క 29,540. బ్యాంకు సోదరి ఏబదివేలును దాటినది. ఆమెకు చక్రపొంగలి చేసి తీసికొనిపోతిమి. కొంచెము అసూయ కలుగలేదన్న అబద్ధమగును. శుక్రవారపు కూటములకు పోవుట మానితిమి. నవల సాగుచునేయున్నది, ఇప్పుడు దినమునకు ఇన్నియని లెక్కలేదు.

మయసభ యద్దె మాత్రము మానలేదు. డిసెంబరు మొదటివారమున సావిడి తలుపు వెనుక, గోడకానించి, ఒక చేటను నిలిపితిమి. వెదురల్లిక సరిగా కనబడవలెనని నాలుగు దిమ్మెలతో చేసినందున లెక్క 351ని దాటినది. పెరటిలోని గాదెను తీసివేసితిమి.