ఏడాది పాసు కొనాలా? గోడమీది క్యాలెండరును అడగండి



మందుల గురించీ పథ్యం గురించీ రాసే ఈ వైద్యుడు వినోదాల పార్కుల జోలికి ఎందుకు వచ్చాడని మీకు సందేహం కలగవచ్చు. మా శంషాబాద్‌లో ఉదయపు నడకలో ఎదురయ్యేవారు ఈ మధ్య నన్ను రక్తపోటు గురించి కన్నా ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, పిల్లలకు పార్కు ఏడాది పాసు కొనమంటారా? ఆటలూ ఆడతారు, ఒళ్లూ కదులుతుంది కదా?" మా ఇంట్లోనూ ఇదే చర్చ నడిచింది. ఈ ప్రశ్నలో డబ్బు లెక్క ఒక పాలు, ఆరోగ్యం లెక్క మూడు పాళ్లు ఉన్నాయని నా అభిప్రాయం.

2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక మా ప్రాంతపు జీవితమే మారిపోయింది. రాత్రీ పగలూ తేడా లేని షిఫ్టు ఉద్యోగాలు వచ్చాయి. 2016లో రావిర్యాలలో వండర్‌లా వెలిసింది. 2000లో కొచ్చిలో, 2005లో బెంగళూరులో పార్కులు తెరిచిన సంస్థే ఇక్కడా తెరిచింది. శంషాబాద్ నుండి ఔటర్ రింగు రోడ్డు మీద తుక్కుగూడ దాటితే వచ్చేస్తుంది. దూరం తక్కువ కాబట్టి ఎన్నిసార్లైనా వెళతాం అనిపించడం సహజమే. ఆ అనిపించడం దగ్గరే కొంచెం ఆగాలి.

మనం అనుకునే రాకలు, అసలు రాకలు

2006లో డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు అమెరికాలోని మూడు వ్యాయామశాలల హాజరును పరిశీలించి ఒక పరిశోధన ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా రుసుము కట్టినవారు సగటున నెలకు 4.3 సార్లు మాత్రమే వచ్చారు. అంటే ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. అదే పది రాకల టిక్కెట్లు ఒకేసారి కొనుక్కుంటే ఒక్కోదానికి 10 డాలర్లే! వాళ్లు లెక్కలు రానివారు కారు. రాబోయే నెలల్లో తామెంత శ్రద్ధగా ఉంటామో ఎక్కువగా ఊహించుకున్నారు, అంతే. మధుమేహ రోగులు "రేపటినుండి నడుస్తానండీ" అని నాతో చెప్పినప్పుడు కూడా అబద్ధం చెప్పలేదు. ఆ క్షణాన నిజంగానే నమ్మారు.

ఇప్పుడు మీ లెక్క చూడండి. ఉదాహరణకు ఒక రోజు టిక్కెట్టు 1,500 రూపాయలు, ఏడాది పాసు 4,500 అనుకుందాం. మూడుసార్లు వెళితే సరిపోతుంది, నాలుగోసారి నుండి లాభం అంటారు. కానీ పాసు టిక్కెట్టును మాత్రమే తప్పిస్తుంది. టోలు, పెట్రోలు, లోపల తిండి, లాకరు ప్రతిసారీ ఉంటాయి. ఔటర్ ప్రధాన రోడ్డు మీదకు ద్విచక్ర వాహనాలను అనుమతించరు కాబట్టి బండిమీద వెళ్లేవారికి సర్వీసు రోడ్డే గతి. "ఉచితంగా" వెళ్లిన నాలుగో రోజు కూడా నలుగురి కుటుంబానికి వెయ్యికి తక్కువ కాదు.

క్యాలెండరు పరీక్ష

నేను సూచించేది ఒక్క పరీక్ష. గోడమీది క్యాలెండరు దించి, పెన్సిలుతో ఇలా కొట్టివేయండి. పిల్లల పరీక్షల వారాలు పోగా, ఎండ నలభై డిగ్రీలు దాటే ఏప్రిల్, మే రోజులు పోగా, జూన్ నుండి సెప్టెంబరు దాకా ముసురు పట్టే రోజులు పోగా, ఊరికి వెళ్లే పండుగలు పోగా, తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరికి డ్యూటీ ఉన్నా ఆ రోజులు పోగా మిగిలినవి లెక్కపెట్టండి.

మా కోడలు విమానాశ్రయంలో షిఫ్టుల మీద పనిచేస్తుంది, మా అబ్బాయిది గచ్చిబౌలిలో ఉద్యోగం. మా క్యాలెండరులో తొమ్మిది రోజులు మిగిలాయి. అందులో రెండు పెళ్లిళ్లకు, మూడు ఊళ్లో పనులకు ముందే పోయాయి. మిగిలినవి నాలుగు. సంవత్సరం మొత్తంలో ఆ ముగ్గురూ కలిసి ఖాళీగా ఉండేది నాలుగంటే నాలుగు రోజులు! పాసు ధర చూసి ఎవరూ నోరు మెదపనివాళ్లు ఆ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు. "మామయ్యగారూ, ఇది ముందే లెక్కపెట్టుకోవలసింది" అంది కోడలు.

పదకొండేళ్ల మనవణ్ణి ఆ నాలుగు రోజులూ ఏంచేద్దాం అని అడిగాను. "ఒకటి పార్కుకు, ఒకటి జూకు తాతయ్యా. మిగతా రెండూ అమ్మ బాగా నిద్రపోయి లేచాక క్యారమ్స్ ఆడదాం" అన్నాడు. పాసు ప్రసక్తి అక్కడితో ముగిసింది. పార్కుకు ఒక్క రోజు టిక్కెట్లు కొన్నారు.

డబ్బు కట్టేశాం కదా అనే జబ్బు

వైద్యుడిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇది. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనేవారు ఒహాయో విశ్వవిద్యాలయ నాటకాల సీజను టిక్కెట్ల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. పూర్తి ధర చెల్లించినవారు సీజను మొదటి సగంలో, తగ్గింపు ధరకు దక్కినవారికంటే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అవే. తోసింది కట్టిన డబ్బు! రెండో సగంలో ఆ తేడా కనిపించలేదు.

నాటకానికైతే నష్టం లేదు. పాసు గడువు ముగిసే వారంలో పిల్లవాడికి విరేచనాలు అవుతుంటే ఏమవుతుంది? "ఇవాళ కాకపోతే దండగ" అని నీళ్లలోకి దింపుతారు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరైన మోతాదులో క్లోరిన్ ఉన్న నీటిలో కూడా వారం రోజులకు పైగా బతకగలదు. ఒక్క బిడ్డ చాలు, కొలనులో నీళ్లు మింగిన పదిమందికి అంటించడానికి. విరేచనాలు తగ్గేదాకా ఏ పిల్లలనూ నీళ్లలోకి దింపవద్దు. ఈ పరాన్నజీవి అని పరీక్షలో తేలితే, తగ్గాక మరో రెండు వారాలు ఆగాలి. జ్వరం ఉన్నా, చెవి కారుతున్నా ఇంట్లోనే ఉంచండి.

పెద్దలకూ ఇదే మాట. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, మూర్ఛ ఉన్నవారు, మెడ లేదా నడుము నొప్పి ఉన్నవారు, ఇటీవల కంటి ఆపరేషను గానీ మరే శస్త్రచికిత్స గానీ చేయించుకున్నవారు వేగంగా తిప్పే ఆటలు ఎక్కకూడదు. స్టెంటు వేయించుకున్న నావంటి వాడికి ఏడాది పాసు కొంటే, అది సంచులకు ఏడాది కాపలా ఉద్యోగమే! పిల్లల ఎత్తు కొలిచే నిబంధనతో వాదించకండి. అది ధైర్యానికి పెట్టిన పరీక్ష కాదు. భద్రతా కడ్డీ శరీరాన్ని సరిగ్గా పట్టి ఉంచాలంటే ఆ ఎత్తు కావాలి.

ఇది వ్యాయామమా?

పార్కులో రోజులో ఎక్కువ భాగం వరుసలో నిలబడటమే. ఐదు నుండి పదిహేడేళ్ల పిల్లలకు సగటున రోజుకు అరవై నిమిషాల చురుకైన కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాదికి నాలుగు రోజుల పార్కు దాన్ని తీర్చదు. సాయంత్రం వీధిలో క్రికెట్టు తీరుస్తుంది. నర్కుడ దగ్గర అమ్మపల్లి ఆలయం దాకా వెళ్లి కోనేటి మెట్లు ఎక్కి దిగితే తాతకూ మనవడికీ కలిసి తీరుతుంది. పార్కును ఆనందం కోసం వెళ్లే చోటుగానే చూడండి. ఆనందం కూడా ఆరోగ్యానికి అవసరమే.

మరి ఎవరు కొనవచ్చు?

కొట్టివేతలన్నీ అయ్యాక కూడా ఆరేడు రోజులు మిగిలినవారు, పార్కుకు దగ్గరలో ఉండి సగం రోజు ఆడి తిరిగి రాగలవారు, ఇద్దరు ముగ్గురు ఎదిగిన పిల్లలున్నవారు నిశ్చింతగా కొనవచ్చు. అలాంటివారికి పాసు వల్ల ఒక మేలుంది: ఒక్క రోజులోనే అన్నీ ఎక్కేయాలన్న ఆత్రం ఉండదు, ఎండ ముదరక ముందే ఇంటికి రావచ్చు. కొనేముందు సెలవు రోజుల్లో చెల్లుతుందా, ఒక్కరి పేరుమీదేనా, అనారోగ్యం వస్తే గడువు పొడిగిస్తారా అని కౌంటరులో అడగండి.

ఏ రోజు వెళ్లినా సీసాలో నీళ్లు, ఎండాకాలమైతే లీటరు నీటికి కలిపే ఓఆర్‌ఎస్ పొట్లం సిద్ధంగా ఉంచుకోండి. లోపలికి ఏవి అనుమతిస్తారో ముందే కనుక్కోండి. మధుమేహం మందులు వాడేవారు భోజనం వేళ తప్పించకండి. పాసు కొన్నా కొనకపోయినా క్యాలెండరు పరీక్ష మాత్రం చేయండి. మీ ఇంట్లో ఎన్ని రోజులు మిగిలాయో వ్యాఖ్యలో రాస్తే సంతోషిస్తాను.

ఆయురారోగ్య ప్రాప్తిరస్తు.