పటములోని సిపాయి

పాతచిత్రములోని భటుడు ఏ కాలమువాడో, ఏ దళమువాడో వాని దుస్తులను, ఆయుధములను బట్టి నిర్ణయించుట ఐరోపాలో ఒక విద్యగా పెరిగినది. ఆస్ట్రియా సామ్రాజ్యమున తురుష్కుల సరిహద్దును కాచుటకు, భూములిచ్చి నిలిపిన సేద్యగాండ్ర పటాలములుండెడివి. నెపోలియను యుద్ధకాలపు చిత్రములలో వారిని ముదురు గోధుమరంగు అంగీని బట్టి పోల్చుకొందురు. ఆ సైనికసీమ 1881లో రద్దయినది.

అట్టివారు మనకును ఉండిరి. మా కోటబొమ్మాళికి ఉత్తరమున, పర్లాకిమిడి మన్యములో, పాయికులు భూమి ననుభవించుచు బిస్సోయీల క్రింద కనుమలను కాచెడివారు. అయితే వారికి ఒకే తీరు దుస్తులు లేవు. పొలములో నున్న కాపునకును కనుమలోని పాయికునకును పటములో భేదమెట్లు తెలియును? సర్కారు ఎవనికి అంగీ తొడిగెనో వాడే చరిత్రకు కనబడినాడు.

అట్లు కనబడినవాడు కుంపిణీ సిపాయి. తంజావూరు మొదలగు చోట్ల మన దేశపు చిత్రకారులు దొరలకొరకు వ్రాసిన పటములలో వాడు తరచుగా నున్నాడు. 18వ శతాబ్దాంతపు పటములలో పైన ఎఱ్ఱని అంగీ, క్రింద తొడలవరకే చల్లడము, నడికట్టు, కాళ్లకు చెప్పులు. దొరతనము పైకే గాని మోకాళ్లు మనవే! తరువాతివానిలో కాళ్ల పొడవున లాగు వచ్చినది. రంగు వెలియవచ్చును, చిత్రకారుడు పాతనమూనాను మరల వ్రాయవచ్చును. కావున నేను మొదట తుపాకి మరను చూతును. చెకుముకి పట్టిన కొక్కెము కనబడినచో ఆ తుపాకి పాతతరమునకు చెందినది. 1840 దరిమిలా ఆ చోట చిన్న రాగిటోపీపై కొట్టు సుత్తి వచ్చెను. కాగితమును వెలుతురునకు పట్టినపుడు నీటిముద్రలో సంవత్సరము కనబడిన, చిత్రము అంతకు ముందటిది కాదని తేలును.

తలపాగాను మాత్రము తేలికగా దాటరాదు. 1805లో చెన్నపట్టణపు సేనాధిపతులు తోలుకుచ్చు గల క్రొత్త తలపాగాను నిర్బంధించిరి. కవాతులో నుదుట బొట్టును, చెవిపోగును నిషేధించిరి. 1806 జూలై 10న వేలూరికోటలో రక్తము ప్రవహించెను. కొలదిదినములకే ఆ యాజ్ఞ ఉపసంహరింపబడెను. ఆ కాలపు పటములో సిపాయి నుదుట బొట్టు కనబడినచో అది అలంకారమని అనుకొనకూడదు.

దుస్తుల పరిశోధకులు గుండీలను సైతము లెక్కించి, సిపాయి ప్రక్కనున్న స్త్రీని విడిచిపెట్టుట నాకు నచ్చదు. పెక్కుపటముల క్రింద "సిపాయి, వాని భార్య" అని యుండును, ఇద్దరికిని పేరులేదు. ఆమె అక్కడ నిలిచినది చిత్రకారుని సరదాచేత మాత్రమే కాదు. చెన్నపట్టణపు సైన్యములో పెండ్లాముబిడ్డలు పటాలముల వెంట నడచెడివారు, సిపాయీల వరుసయిండ్లలో కాపురముండెడివారు. హైదరాలితో యుద్ధమునకై విశాఖపట్టణమునుండి ఓడలో పొమ్మన్నపుడు, 1780 అక్టోబరు 3న, మన సర్కారుల సిపాయీలు తిరుగబడి కొందరు దొరలను చంపిరి. సైన్యచరిత్రలు దానిని సముద్రభయమని వ్రాయును. ఆ మాట వ్రాసినవారు పటములో ఎడమప్రక్కను గూడ చూచిరో లేదో.