ఫారంలో నేను చెరిపేసిన మాట



పోయిన పేరెంట్ టీచర్ మీటింగ్‌కు ముందు స్కూల్ నుంచి ఒక ఫారం వచ్చింది. మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. అందులో 'పిల్లల భవిష్యత్ లక్ష్యం' అని ఒక గడి ఉంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఆ గడిలో పెన్సిల్‌తో 'నర్స్' అని రాసింది. నేను రబ్బరు తీసుకుని అది చెరిపేసి, 'డాక్టర్' అని రాశాను.

తను గొడవేమీ చేయలేదు. "నువ్వు చేసే పనే కదమ్మా! నీకు నచ్చలేదా?" అని మాత్రం అడిగింది.

నేను తిరుపతిలో స్టాఫ్ నర్సును. ఇరవై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్నది ఈ పనే. అయినా నా చెయ్యి ఆ మాటను ఎందుకు చెరిపేసిందో ఆ పూట చెప్పలేకపోయాను. నైట్ డ్యూటీలో కూర్చుని ఆలోచిస్తే, నా మొదటి ఉద్యోగం కోసం తిరిగిన రోజులు గుర్తుకొచ్చాయి. అవి మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. 2001లో ఇంటర్ బైపీసీ పాసయ్యాను. ఎంసెట్‌లో మెడిసిన్ సీటుకు తగ్గ ర్యాంకు రాలేదు. మళ్లీ కోచింగ్‌కు పంపే స్తోమత నాయనకు లేదు. జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమాలో చేరాను. అప్పట్లో అది మూడున్నరేళ్ల కోర్సు. 2005లో పూర్తయింది. రిజిస్ట్రేషన్ కోసం నాయనా నేనూ రాత్రి రైల్లో హైదరాబాదు పోయి వచ్చాం. ఆ కాగితం చేతికొస్తే ఉద్యోగం వచ్చినట్టేననుకున్నాం.

రాలేదు. తిరుపతిలో పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులున్నా, పోస్టు కావాలంటే నోటిఫికేషన్ పడాలి. ప్రైవేటులో ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న: "ఎక్స్‌పీరియన్స్ ఎంత?" తిరుపతి, చిత్తూరు, పలమనేరు... బస్సు దిగడం, ఫైలు చూపించడం, "ఫోన్ చేస్తాం" అనిపించుకోవడం. మా ఇంట్లో అప్పుడు ఫోనే లేదు. పక్కింటివాళ్ల నంబర్ ఇచ్చేదాన్ని. ఊళ్లో ఎవరైనా "ఉద్యోగం వచ్చిందా మే?" అని అడుగుతారేమోనని చీకటి పడ్డాక బస్సు దిగడం అలవాటైంది.

ఒకరోజు చిత్తూరు బస్టాండులో ఏడ్చేశాను. నాయన టీ తెచ్చిచ్చి, "పని ఇచ్చేటోళ్లే లేకపోతే అనుభవం యాడినించి తెచ్చేది మా? ఇంగో చోట అడుగుదాం పా" అన్నాడు.

ఆ 'ఇంగో చోట' ఉద్యోగం ఇస్తామన్నారు. రెండేళ్ల బాండు రాయాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే పెట్టాలి. నేను సంతకానికి సిద్ధమే. నాయన మాత్రం రసీదిస్తారా అని అడిగాడు. ఇవ్వమన్నారు. "భూమి పాస్‌బుక్కు బ్యాంకులో పెడితే రసీదిస్తారు. మూడున్నరేళ్ల చదువుకు రసీదు లేదంటే ఎట్ల?" అని నన్ను లేపి బయటికి తీసుకొచ్చాడు. ఆ రోజు ఆయన మీద చాలా కోపమొచ్చింది. ఆయనే సరిగ్గా చూశాడని తర్వాత తెలిసింది.

ఎనిమిది నెలల తర్వాత ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చోటు దొరికింది. జీతం నెలకు 1,800 రూపాయలు. రెండో వారం నైట్ డ్యూటీలో, ప్రసవమై గంట దాటిన ఒకామె "కళ్లు తిరుగుతున్నాయి సిస్టర్" అంది. పల్స్ చూస్తే వేగంగా కొట్టుకుంటోంది. దుప్పటి తీస్తే ప్యాడ్ పూర్తిగా తడిసిపోయింది. పొట్ట మీద చెయ్యి పెడితే గర్భసంచి గట్టిగా లేదు, మెత్తగా ఉంది. ఆయమ్మను డాక్టరమ్మ కోసం పరుగెత్తించి, నేను గర్భసంచిని మర్దన చేస్తూనే ఉన్నాను. డాక్టరమ్మ వచ్చి మందులిచ్చాక రక్తస్రావం తగ్గింది. తెల్లవారాక ఆమె బిడ్డకు పాలిచ్చింది. నేను వెళ్లి చేతులు కడుక్కుంటుంటే, అప్పుడు వణికాయి.

నాకు ఎక్స్‌పీరియన్స్ లేదన్నది నిజమే. కానీ ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో నేర్పింది నేను చదివిన స్కూలు ఆస్పత్రిలోని లేబర్ వార్డు. అక్కడ మా సిస్టర్ ట్యూటర్ ప్రతి కేసు దగ్గరా నిలబెట్టి అడిగేది. రికార్డు బుక్కు నింపి వదిలేసిన స్కూలయితే ఆ రాత్రి ఏమయ్యేదో!

ఇప్పుడు నాకు అర్థమవుతోంది. ఫారంలో నేను చెరిపింది నర్సు పనిని కాదు, ఆ ఎనిమిది నెలల్ని. అవి మా అమ్మాయికి రాకూడదనే భయం. కానీ ఆ కష్టంలో సగం మాకు తెలియకపోవడం వల్ల వచ్చిందే. కాబట్టి చెరపడం కంటే తెలుసుకోవడం మేలు.

మీ ఇంట్లో అమ్మాయైనా, అబ్బాయైనా నర్సింగ్ అంటే, దయచేసి ఇవి చూడండి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, దానికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. జీఎన్ఎం ఇప్పుడు మూడేళ్లు. జీఎన్ఎం చేసినవాళ్లు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు. నేను పెళ్లయ్యాక చేశాను. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో అడగండి. బిల్డింగ్ చూసి మురిసిపోకుండా, పిల్లలు ఏ ఆస్పత్రిలో, ఏ వార్డుల్లో పనిచేస్తారో, రోజూ అక్కడ ఎంతమంది రోగులుంటారో కళ్లతో చూసి రండి. ప్రభుత్వ కాంట్రాక్టు పోస్టుల ఎంపికలో కోర్సు మార్కులదే పెద్ద వాటా. పాసైతే చాలని పిల్లలను అననివ్వకండి. ఉద్యోగంలో చేరేటప్పుడు జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.

ఈ చదువు మన ప్రాంతానికి కొత్తది కాదు. చిత్తూరుకు దగ్గర్లోని వేలూరు సీఎంసీలో ఐడా స్కడర్ 1909లోనే నర్సింగ్ స్కూలు మొదలుపెట్టారు. 1946లో అక్కడే డిగ్రీ కోర్సు కూడా వచ్చింది. మన ఇళ్లలో జబ్బు చేస్తే వేలూరికి పోదామనే మాట పుట్టడంలో డాక్టర్లతో పాటు ఆ సిస్టర్ల చేతులూ ఉన్నాయి.

మీటింగ్ రోజు పొద్దున నేనే ఫారం తీసి 'డాక్టర్' అన్న మాట చెరిపి, పెన్సిల్ మా అమ్మాయికి ఇచ్చాను. రెండుసార్లు చెరిపిన చోట కాగితం పలచబడింది. తను జాగ్రత్తగా మళ్లీ 'నర్స్' అని రాసింది. "రేపు నా మనసు మారితే?" అంది. మారితే మార్చుకో, రాసేది మాత్రం నువ్వే అన్నాను. తరగతి టీచర్ ఆ కాగితం చూసి నవ్వారు.

వచ్చే మీటింగ్‌కు కూడా నేను వస్తాను. నర్సింగ్ గురించి అడగాలనుకున్నవాళ్లు మొహమాటపడకుండా పలకరించండి. నైట్ డ్యూటీ దిగి నేరుగా వస్తాను కాబట్టి కళ్లు ఎర్రగా ఉంటాయి, గుర్తుపట్టడం సులువే.

— ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి, తిరుపతి